మార్లిన్ 1895లో సొంతంగా నింపిన .45-70 తూటాలు: అడవి పందులకు, మనుబోతులకు ఏ స్థాయి చాలు?

శాన్‌ఆంటోనియో మురళి

సభ్యులందరికీ నమస్కారం. గ్రీన్‌కార్డు వచ్చిన తరువాత నేను కొనుక్కున్న మొదటి పెద్ద రైఫిల్ రూగర్ సంస్థ తయారుచేసిన మార్లిన్ 1895. తూటా .45-70 గవర్నమెంట్, బారెల్ 19 అంగుళాలు. ఇంతవరకు దుకాణంలో కొన్న తూటాలతోనే రేంజిలో సాధన చేశాను గాని, వాటి ధర చూస్తుంటే ఈ సాధన కొనసాగాలంటే తూటాలు సొంతంగా నింపుకోవడం తప్పదని తేలిపోయింది. ప్రెస్సు, మూడు డైల (అచ్చుల) సెట్టు, మంచి తూకం సమకూర్చుకున్నాను. చలికాలంలో అడవి పందుల వేటకు, ఆ తరువాత వీలైతే దక్షిణ టెక్సస్‌లోని కింగ్స్‌విల్ వైపు మనుబోతుల (నీల్‌గాయ్‌ల) వేటకు వెళ్లాలని ఉంది.

నా సందేహం ఇది. మాన్యువల్ (ఏ బులెట్‌కు ఎంత పౌడర్ వేయాలో చెప్పే పుస్తకం) తెరిస్తే ఈ తూటాకు ఒకటి కాదు, మూడు వేర్వేరు పట్టికలు ఉన్నాయి. బులెట్ (తూటా ముందు నుంచి ఎగిరిపోయే ముక్క) అదే, పౌడర్ (తుపాకిమందు) అదే అయినా ఒక పట్టికలో గరిష్ఠంగా చెప్పిన పరిమాణం మరో పట్టికలో మొదటి వరుసకు దగ్గరగా కనబడుతోంది. నాది కొత్త రైఫిల్ కనుక మధ్య పట్టికలో చివరి వరుస దాకా వెళ్లవచ్చునా? వెళ్లగలిగినా, ఆ జంతువులకు అంత అవసరమా? అనుభవజ్ఞులు దయచేసి వివరంగా చెప్పగలరు.

ఒహాయో ప్రసాద్

మురళి గారూ, మూడు పట్టికలకు కారణం తూటాలో లేదు, దానిని కాల్చే తుపాకులలో ఉంది. అమెరికా సైన్యం 1873లో స్ప్రింగ్‌ఫీల్డ్ ట్రాప్‌డోర్ రైఫిల్‌తో పాటు ఈ తూటాను స్వీకరించినప్పుడు అందులో ఉన్నవి 70 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గ్రాములో సుమారు పదిహేనవ వంతు) నల్ల తుపాకిమందు, దాని ముందు 405 గ్రెయిన్ల సీసపు బులెట్. కీలు మీద పైకి లేచే దిమ్మెతో వెనుకభాగం మూసుకునే ఆ రైఫిల్ అంతకు మించిన ఒత్తిడిని దృష్టిలో పెట్టుకుని తయారైనది కాదు. అటువంటి రైఫిళ్లు నేటికీ ఎందరి ఇళ్లలోనో పనిచేస్తూనే ఉన్నాయి కనుక, అమెరికాలో తూటాల ప్రమాణాలు నిర్ణయించే సామీ సంస్థ .45-70 గరిష్ఠ ఒత్తిడిని 28,000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దగ్గరే ఆపింది. మీ మొదటి పట్టిక ఈ రైఫిళ్లను దృష్టిలో పెట్టుకుని వేసినది.

రెండవది మీ మార్లిన్ వంటి లీవర్ రైఫిళ్లది, అంటే ట్రిగ్గర్ దగ్గరి మీటను కిందికి లాగి తూటా ఎక్కించేవి. జాన్ బ్రౌనింగ్ రూపకల్పన చేసిన వించెస్టర్ 1886లో బోల్టుకు (పేలేటప్పుడు తూటా వెనుక అడ్డుగా నిలిచే భాగానికి) ఇరువైపులా నిలువుగా లేచే రెండు కడ్డీలు దానిని బిగించి ఉంచుతాయి. అంతకు ముందరి 1876 నమూనాతో పోలిస్తే అది ఎంతో దృఢమైన ఏర్పాటు. మార్లిన్ సంస్థ 1972లో మళ్లీ తీసుకొచ్చిన 1895 నమూనా, నేటి ఉక్కుతో చేసిన 1886లు ఈ వర్గంలోకి వస్తాయి. మాన్యువళ్లు వీటికి సుమారు 40,000 సీయూపీ (రాగి ముక్క ఎంత నలిగిందో చూసి ఒత్తిడి కొలిచే పాత పద్ధతి) దాకా అనుమతిస్తాయి. మూడవ పట్టిక రూగర్ నంబర్ 1 వంటి ఒంటి తూటా రైఫిళ్లది, 50,000 దాకా పోతుంది. ఆ పేజీని మీ పుస్తకంలో క్లిప్పు పెట్టి మూసివేయండి. లీవర్ రైఫిల్ ఉన్నవారికి దానితో పని లేదు.

ఇంకొక హెచ్చరిక. 19వ శతాబ్దంలో తయారైన అసలు 1886 ఎవరి దగ్గరైనా ఉంటే, లీవర్ రైఫిలే కదా అని రెండవ పట్టికకు వెళ్లకూడదు. ఆనాటి ఉక్కు వేరు. నేను అటువంటి రైఫిల్‌కు మొదటి పట్టికలో కూడా కింది వరుసలే వాడతాను.

మోంటానా కిరణ్

ప్రసాద్ గారు చెప్పిన చరిత్రతో నాకు పేచీ లేదు. అయితే ఆధునిక రైఫిల్ కొనుక్కున్న మనిషి 1873 నాటి రైఫిల్ కోసం పెట్టిన పరిమితికి ఎందుకు కట్టుబడి ఉండాలి? మార్లిన్, హార్నడీ కలిసి 2000 ప్రాంతంలో .450 మార్లిన్ తూటాను విడుదల చేసినప్పుడు దానికి పెట్టిన పరిమితి 43,500 పీఎస్‌ఐ. దానిని కాల్చినది కూడా ఇదే 1895 నిర్మాణమే. అంటే ఆ ఒత్తిడిని ఈ నిర్మాణం భరిస్తుందని తయారీదారులే ఒప్పుకున్నట్టు కదా.

ఇక్కడి కొండల్లో నేను ఎల్క్ (పెద్ద జాతి జింక) వేటకు 400 గ్రెయిన్ల బులెట్‌ను రెండవ పట్టిక పై వరుసల వేగంతోనే వాడుతున్నాను. పాత ఫ్యాక్టరీ తూటాలో 405 గ్రెయిన్ల బులెట్ సెకనుకు 1,330 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. 100 గజాలకు గురి సరిచేసుకుంటే 200 గజాల దగ్గర అది రెండు అడుగులు కిందికి పోతుంది. వేగం పెంచితే ఈ లోటు చాలావరకు తగ్గుతుంది. దూరం అంచనాలో ఇరవై గజాలు తేడా వచ్చినా జంతువు గాయపడి తప్పించుకుపోకుండా ఉండాలంటే వేగం కావాలి. ఇది నాకు గొప్పల విషయం కాదు, జంతువు పట్ల బాధ్యత.

ఒహాయో ప్రసాద్

కిరణ్ గారి ఉద్దేశం మంచిది, దానిని గౌరవిస్తాను. కాని .450 మార్లిన్ ఉదాహరణను నేను వేరే విధంగా చదువుతాను. ఆ తూటాకు బెల్టు గల వేరే కేసు (పౌడర్ నింపే ఇత్తడి గొట్టం) పెట్టింది పాత .45-70 రైఫిళ్ల ఛాంబర్లలోకి (తూటా కూర్చునే గదులలోకి) అది పొరపాటున దూరకూడదనే. ఎక్కువ ఒత్తిడి గల తూటాకు వేరే కేసు, వేరే పేరు అవసరమని తయారీదారులు భావించారు. పైగా వారు ప్రతి విడతనూ ఒత్తిడి కొలిచే పరీక్షా బారెల్‌లో కాల్చి చూస్తారు. మన గరాజ్‌లో ఆ పరికరం లేదు. మనకు ఉన్నది మాన్యువల్ ఒక్కటే.

నిర్మాణం సంగతి కూడా చూద్దాం. 1972 నాటి 1895, అంతకు ముందు 1964లో వచ్చిన .444 రైఫిల్, రెండూ .30-30 తూటాకు ప్రసిద్ధమైన 336 నమూనా మీద కట్టినవే. బోల్టును వెనుక భాగంలో ఒకే ఒక దిమ్మె పట్టి ఉంచుతుంది. తూటా పేలినప్పుడు బోల్టు మీద పడే నెట్టుడు ఒత్తిడి మీదే కాక కేసు అడుగు వైశాల్యం మీద కూడా ఆధారపడుతుంది. .30-30 కేసు అడుగు వ్యాసం సుమారు 0.42 అంగుళాలు, .45-70ది సుమారు 0.505. వైశాల్యం లెక్క వేస్తే ఒకే ఒత్తిడి దగ్గర .45-70 దాదాపు 44 శాతం ఎక్కువగా వెనుకకు నెడుతుంది. కేసు గోడలు ఛాంబర్‌ను పట్టుకుని కొంత భారం పంచుకుంటాయన్నది నిజమే గాని, ప్రతిసారీ ఒకేలా పట్టుకుంటాయని చెప్పలేము. కేసు మీద నూనె మిగిలి ఉంటే ఆ పట్టు తగ్గిపోతుంది. అందువల్ల సైజింగ్ (కాల్చిన కేసును డైలో నొక్కి పాత కొలతకు తేవడం) తరువాత లూబ్రికెంటును పూర్తిగా తుడవమని చెబుతారు.

ఇంకొక ముఖ్య విషయం. బోల్టు రైఫిళ్లు వాడినవారు ప్రైమర్ (తూటా అడుగున నిప్పు పుట్టించే చిన్న మూత) చదునయిందా లేదా అని చూసి ఒత్తిడిని అంచనా వేస్తుంటారు. లీవర్ రైఫిల్‌లో ఆ గుర్తు కనిపించే సమయానికి హద్దు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. లీవర్ తెరవడానికి చేయి కొంచెం గట్టిగా లాగవలసి వచ్చినా అది చివరి హెచ్చరిక. అక్కడితో ఆపి, ఆ తూటాలన్నీ విప్పివేయాలి.

కింగ్స్‌విల్ వెంకట్

నేను మురళి గారు రాదలచిన ప్రాంతంలోనే ఉంటాను కనుక జంతువుల గురించి చెబుతాను. పట్టికల చర్చ అక్కడి నుంచి మొదలైతే తొందరగా తేలుతుంది.

ముందుగా మనుబోతు. మన దేశపు ఈ జంతువును 1920, 30లలో కింగ్ రాంచ్ వారు ఇక్కడ వదిలారు. మెస్కీట్ పొదలు, ఓక్ చెట్ల గుంపులు, గల్ఫ్ తీరపు గడ్డిమైదానాలు దానికి బాగా అనుకూలించి దక్షిణ టెక్సస్ అంతటా విస్తరించింది. పశువులకు ప్రాణాంతకమైన జ్వరాన్ని మోసే గోమారులను ఇవి ఒక గడ్డిబయలు నుంచి మరొకదానికి చేరవేస్తాయి గనుక ప్రభుత్వమే వాటి సంఖ్యను తగ్గించే ప్రయత్నం చేస్తోంది. ఈ నేలకు చెందని జంతువు కావడంతో దీనికి వేట కాలం అంటూ లేదు. భూయజమాని అనుమతి, వేట లైసెన్సు తప్పనిసరి. 1971 సెప్టెంబరు 2న గాని, ఆ తరువాత గాని పుట్టినవారు వేట శిక్షణ కోర్సు కూడా పూర్తి చేసి ఉండాలి.

పెద్ద మగ మనుబోతు 250 కిలోల దాకా తూగుతుంది. మెడ, రొమ్ము దగ్గర తోలు చాలా మందం. గుండె, ఊపిరితిత్తులు తెల్లతోక జింకలో కంటే ముందుకు, కిందికి ఉంటాయి. జింకకు అలవాటుపడినవారు ముందుకాలి వెనుక భాగాన గురిపెడితే దెబ్బ కడుపులోకి పోతుంది. నేను ముందుకాలి గీత మీదుగా, శరీరం ఎత్తులో కింది మూడవ వంతున గురి పెడతాను. బులెట్ భుజపుటెముకను దాటి లోపలికి వెళ్లాలి. దెబ్బ సరిగా తగిలినా బయట నెత్తురు జాడ అంతగా దొరకదు, తోలు మూసుకుపోతుంది. గడ్డి నడుము ఎత్తున ఉన్న చోట సాయంత్రం వేళ ఇది పెద్ద సమస్య. కాల్చిన చోటును, జంతువు చివరిసారి కనిపించిన చోటును రెండు స్థిరమైన గుర్తులతో మనసులో పెట్టుకోకుండా కదలకూడదు.

మురళి గారూ, ఇక అసలు ఇబ్బంది. మనుబోతు కంటిచూపు చాలా నిశితం. బయలు నేలలో 200 గజాల కంటే దగ్గరికి రానివ్వదు. అందుకే ఇక్కడివారు ఎక్కువగా .300 మాగ్నమ్ వంటి చదునైన దారిలో పోయే తూటాలు వాడతారు. లీవర్ రైఫిల్‌తో వెళ్లాలంటే వేట పద్ధతే మార్చుకోవాలి. నీటి గుంటల దగ్గర, ఓక్ తోపుల అంచున గాలికి ఎదురుగా ఓపికగా కూర్చోవాలి. 125 గజాల లోపు రాకపోతే నేను కాల్చను. ఆ దూరానికి 350 గ్రెయిన్ల చదును ముక్కు బులెట్ సెకనుకు 1,700 నుంచి 1,800 అడుగుల వేగంతో వెళ్తే చాలినంత లోతుకు దిగుతుంది. అది రెండవ పట్టికలో మధ్య వరుసలలోనే దొరికే వేగం, చివరి వరుస అక్కరలేదు.

పందుల సంగతి ఇంకా తేలిక. పొదల్లో, ఎర వేసిన చోట 80 గజాలకు మించి కాల్చే అవసరం నాకు సాధారణంగా రాదు. ముదిరిన మగపంది భుజాల మీద మందమైన గట్టి కవచం ఉంటుంది గాని, మొదటి పట్టిక వేగంతో పోయే 405 గ్రెయిన్ల బులెట్‌కు అది అడ్డు కాదు. తేలికగా ఉంటుందని 300 గ్రెయిన్ల బోలు ముక్కు బులెట్లను ఎక్కువ వేగంతో నింపేవారికి ఒక మాట: వాటిలో చాలావరకు తక్కువ వేగానికి తయారుచేసినవి. గట్టి భుజం మీద పైపైనే విచ్చిపోతాయి.

మోంటానా కిరణ్

వెంకట్ గారు చెప్పిన దూరాలు చూశాక మురళి గారి విషయంలో నా సలహా మార్చుకుంటున్నాను. 125 గజాల నియమానికి కట్టుబడి ఉండేవారికి చివరి వరుసతో పని లేదు. మా దగ్గర లోయకు అడ్డంగా కాల్చవలసి వస్తుంది, ఆ వేట తీరు వేరు. అయినా 200 గజాలు దాటితే నేను ఈ రైఫిల్‌ను పక్కన పెడతాను. హార్నడీ వారు 2006లో తెచ్చిన మెత్తటి కొన గల 325 గ్రెయిన్ల తూటా 2,050 అడుగుల వేగంతో బయలుదేరుతుంది. దానిని కూడా 100 గజాల దగ్గర మూడు అంగుళాలు పైకి సరిచేసుకుంటే 200 దగ్గర సుమారు నాలుగు అంగుళాలు, 300 దగ్గర రెండు అడుగులకు పైగా కిందికి దిగుతుంది. ఈ తూటాను 300 గజాలదిగా మార్చగల పౌడర్ లేదు.

కెనాయ్ సుధారాణి

అలాస్కా నుంచి రాస్తున్నాను. ఒత్తిడి గురించి ప్రసాద్ గారు చెప్పినదానికి చేర్చవలసిందేమీ లేదు. నింపే పనిలో లీవర్ రైఫిల్‌కే ప్రత్యేకమైన విషయాలు కొన్ని ఉన్నాయి, అవి రాస్తాను.

ట్యూబ్ మ్యాగజైన్‌లో (బారెల్ కింద తూటాలు నింపే గొట్టంలో) తూటాలు ఒకదాని వెనుక ఒకటి వరుసగా పడుకుంటాయి. వెనుక తూటా బులెట్ కొన ముందు తూటా ప్రైమర్‌కు ఆని ఉంటుంది. రైఫిల్ తన్నినప్పుడు గట్టి కొన గల బులెట్ ఆ ప్రైమర్‌ను పొడిస్తే మ్యాగజైన్‌లోనే తూటా పేలుతుంది, ఎడమచేయి ఉండేది సరిగ్గా ఆ చోటే. కాబట్టి చదును ముక్కు బులెట్లు గాని, ప్రత్యేకంగా ఇందుకే తయారైన మెత్తటి కొనలవి గాని తప్ప వేరేవి వాడకూడదు. కొత్తవారు ఒక పేరు దగ్గర తికమకపడుతుంటారు: వించెస్టర్ 1895 వేరే రైఫిల్. దానికి పెట్టె మ్యాగజైన్ ఉంటుంది, అందులో కోసు బులెట్లు చెల్లుతాయి. ఆ రైఫిల్ గురించి చదివిన సలహాను మార్లిన్ 1895కు అన్వయించకండి.

అదే ట్యూబు క్రింప్‌ను (కేసు అంచును బులెట్ మీదికి మడవడాన్ని) కూడా తప్పనిసరి చేస్తుంది. స్ప్రింగు వెనుకకు నెడుతుంటుంది, ప్రతి తన్నుకూ మిగిలిన తూటాల బులెట్లు కేసులోకి జారబోతుంటాయి. బులెట్ లోపలికి దిగితే పౌడర్‌కు చోటు తగ్గి ఒత్తిడి పెరుగుతుంది. బులెట్ మీద గాడి ఉన్న చోట కేసు అంచును గట్టిగా లోపలికి మడవాలి. ఈ మడత అన్ని తూటాలకూ ఒకేలా రావాలంటే కేసులన్నీ ఒకే పొడవు ఉండాలి. గరిష్ఠ పొడవు 2.105 అంగుళాలు, నేను ఒక విడతలోని కేసులన్నిటినీ దానికంటే కాస్త తక్కువకు, సమానంగా కత్తిరించిన తరువాతే మిగతా పని మొదలుపెడతాను. కొంత పొడవుగా మిగిలిన కేసు అంచు క్రింప్ డైలో నలిగి పక్కకు ఉబికితే ఆ తూటా ఛాంబర్‌లోకి దిగదు. పూర్తి తూటా పొడవు 2.550 అంగుళాలు మించితే మార్లిన్‌లో తూటాను పైకెత్తే భాగం దానిని పైకి తేలేక ఇరుక్కుపోతుంది. పొడవైన సీసపు బులెట్లు కొనేముందు వాటి గాడి ఎక్కడ ఉందో కొలతలు చూసుకోవాలి.

పౌడర్ ఎంపిక గురించి నేను చాలా గట్టిగా చెప్పదలచిన మాట ఒకటి ఉంది. ఈ కేసు నల్ల తుపాకిమందు కోసం పుట్టినది, లోపల చాలా చోటు. వేగంగా మండే పౌడర్‌ను కొద్దిగా వేస్తే అడుగున ఎక్కడో పడి ఉంటుంది. పొరపాటున రెండుసార్లు వేసినా పైకి తెలియదు. ఐఎంఆర్ 3031, హెచ్4198, వార్గెట్ వంటి పౌడర్లతో కేసు చాలావరకు నిండుతుంది, రెండవసారి వేస్తే పొర్లిపోయి కంటికి కనబడుతుంది. పరిమాణాలు ఇక్కడ రాయను, ఎవరూ రాయకూడదని కోరుతున్నాను. మీ బులెట్ బరువుకు, మీ పౌడర్‌కు తయారీదారు ఇచ్చిన తాజా పట్టిక నుంచి మొదటి వరుస తీసుకుని అక్కడి నుంచి కొద్దికొద్దిగా పైకి వెళ్లండి. పళ్లెంలో నిలబెట్టిన కేసులన్నిటిలోకి బులెట్ పెట్టేముందు టార్చి వేసి చూడడం నేను ఎన్నడూ మానను.

గోధుమ ఎలుగు గురించి అడుగుతారని తెలుసు. ఇక్కడ చేపల కాలంలో వాగుల వెంట ఈ రైఫిల్‌ను ఆత్మరక్షణకు మోసేవారు చాలామంది. మేము కోరేది వేగం కాదు, గట్టి సీసపు మిశ్రమంతో పోసిన 400 గ్రెయిన్లకు పైబడిన వెడల్పు ముక్కు బులెట్. అది విచ్చుకోకుండా ఎముకలు దాటి నేరుగా పోతుంది. ఆత్మరక్షణలో ఎలుగును చంపవలసి వస్తే తోలు, పుర్రె రాష్ట్ర ప్రభుత్వానికి అప్పగించాలి.

శాన్‌ఆంటోనియో మురళి

సుధారాణి గారూ, ఎంతో ఉపయోగకరంగా రాశారు, ధన్యవాదాలు. సీసపు బులెట్లు నా రైఫిల్‌కు సరిపోతాయా? రాగి పూత లేని బులెట్లు మార్లిన్‌లో సరిగా పోవని ఒకరు చెప్పారు.

కెనాయ్ సుధారాణి

ఆ మాట పాత రైఫిళ్ల నుంచి వచ్చినది. 1972 తరువాత వచ్చిన పాత 1895లలో చాలావాటికి మైక్రోగ్రూవ్ అనే లోతు తక్కువ గాడుల బారెల్ ఉండేది, మెత్తటి సీసం దానిని సరిగా పట్టుకోక జారేది. మీ కొత్త బారెల్ గాడులు లోతైనవే. రాగి పూత బులెట్లు 0.458 అంగుళాల వ్యాసం ఉంటాయి, సీసపువి 0.459 లేదా 0.460 తీసుకోండి. బులెట్ బారెల్‌కు సరిపోకపోతే సీసం లోపల అంటుకుని గురి చెదురుతుంది. సీసపు బులెట్లకు కేసు నోటిని కొంచెం ఎక్కువ వెడల్పు చేయాలి, లేకపోతే పెట్టేటప్పుడు అంచు సీసాన్ని గీసేస్తుంది.

బేకర్స్‌ఫీల్డ్ రఘు

కాలిఫోర్నియాలో ఈ చర్చ మాకు మరో మలుపు తిరుగుతుంది. 2019 జులై 1 నుంచి ఇక్కడ తుపాకితో ఏ వన్యప్రాణిని వేటాడినా సీసం లేని తూటాలే వాడాలి. వేటగాళ్లు వదిలిన కళేబరాలను తిని కాండర్ రాబందులు సీసపు విషంతో చనిపోతుండడం ఈ చట్టానికి ప్రధాన కారణం. మొదట్లో చాలామంది వ్యతిరేకించారు. నేను మాత్రం సమర్థిస్తాను. ఆ పక్షుల మాట అటుంచి, మన ఇళ్లలో పంది మాంసమో, మనుబోతు మాంసమో వండితే పిల్లలు కూడా తింటారు. సీసపు బులెట్ ఎముకను తాకి చిట్లితే కంటికి కనిపించని తునకలు గాయం చుట్టూ చాలా దూరం వెళ్తాయి.

పూర్తి రాగి బులెట్లలో .45-70కి చదును ముక్కువి దొరుకుతాయి. నింపేటప్పుడు గుర్తుంచుకోవలసింది, రాగి సీసం కంటే తేలిక కనుక అదే బరువు గల బులెట్ పొడవుగా ఉంటుంది. కేసులోకి ఎక్కువ దిగి పౌడర్ చోటును తినేస్తుంది. సీసపు బులెట్ పట్టికను దీనికి వాడితే ఒత్తిడి హద్దు దాటవచ్చు. రాగి బులెట్‌కు ప్రచురించిన పట్టికే వాడాలి. పైగా అది విచ్చుకోవడానికి కొంత కనీస వేగం అవసరం. కాబట్టి మొదటి పట్టిక వేగాలు దీనికి చాలకపోవచ్చు. ఈ ఒక్క విషయంలో కిరణ్ గారి మాటలో బలం ఉంది.

మురళి గారి రాష్ట్రంలో ఈ నిర్బంధం లేకపోయినా, తినడానికి వేటాడేవారు రాగి వైపు ఆలోచించాలని నా మనవి.

ఇర్వింగ్ చైతన్య

అన్నా, మురళి అన్నతో పందుల వేటకు నేనూ వెళ్దామనుకుంటున్నాను. నాది హెచ్1బి. ఇక్కడ టెక్సస్‌లో సొంతదారు అనుమతి ఉన్న ప్రైవేటు భూమిలో పందులకు లైసెన్సు అక్కరలేదు కదా. ఆయన రైఫిల్‌తో రెండు తూటాలు కాల్చవచ్చునా?

కింగ్స్‌విల్ వెంకట్

చైతన్యా, ఈ సంగతి జాగ్రత్తగా అర్థం చేసుకో. 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో భూయజమాని అనుమతి ఉంటే పందులకు వేట లైసెన్సు అవసరం లేదన్నది నిజం. కాని తుపాకి చేతబట్టడానికి వర్తించేది ఫెడరల్ చట్టం. అందులోని 922వ సెక్షన్ ప్రకారం హెచ్1బి వంటి నాన్-ఇమ్మిగ్రెంట్ వీసాలో ఉన్నవారు తుపాకి గాని, తూటా గాని కలిగి ఉండడం నేరం. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. వాటిలో మనవారికి పనికివచ్చేది అమెరికాలో ఏదైనా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. రాష్ట్రం పందులకు లైసెన్సు అడగకపోయినా, నీ విషయంలో ఆ కాగితమే నిన్ను చట్టం లోపల ఉంచుతుంది. ఇంకొకరి రైఫిల్‌ను కొద్ది నిమిషాలు పట్టుకున్నా చట్టం దృష్టిలో అది కలిగి ఉండడమే. శిక్షణ కోర్సు పూర్తి చేసి, లైసెన్సు తీసుకుని, జేబులో పెట్టుకున్న తరువాతే రా. వీసా దెబ్బతింటే మళ్లీ సరిదిద్దుకోవడం చాలా కష్టం కనుక ఒకసారి ఇమ్మిగ్రేషన్ లాయరును కూడా అడిగి తెలుసుకో.

నల్గొండ శ్రీనివాస్

అమెరికా మిత్రుల చర్చ ఆసక్తిగా చదువుతున్నాను. మా మొక్కజొన్న, వేరుశనగ చేలను అడవి పందులు రాత్రికి రాత్రి పాడుచేస్తున్నాయి. మా బాబాయి దగ్గర లైసెన్సు ఉన్న .315 రైఫిల్ ఉంది. తూటాలు దొరకడం కష్టం. ఖాళీ కేసులు దాచి ఉంచాము. ఈ పద్ధతిలో వాటిని మళ్లీ నింపుకోవచ్చునా?

ఒహాయో ప్రసాద్

శ్రీనివాస్ గారూ, దయచేసి ఆ ప్రయత్నం చేయకండి. తూటా నింపడం కూడా మందుగుండు తయారీ కిందికే వస్తుంది. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం తయారీకి వేరే లైసెన్సు కావాలి, రైఫిల్ ఉంచుకునే లైసెన్సు దానికి చాలదు. పంట నష్టం నిజమైన బాధే అయినా, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అధికారి అనుమతి లేకుండా పందిని కాల్చడం కూడా నేరమే. పంటకు నష్టం చేసే జంతువుల విషయంలో 11వ సెక్షన్ కింద అనుమతి ఇచ్చే మార్గం ఉంది. అటవీ శాఖకు గ్రామ పంచాయతీ ద్వారా అర్జీ పెట్టించండి, వారు అనుమతించిన షూటర్ల ద్వారానే ఆ పని జరగాలి. మేము ఇక్కడ చేస్తున్నది ఇక్కడి చట్టం అనుమతించినందువల్లే చేయగలుగుతున్నాము.

శాన్‌ఆంటోనియో మురళి

అందరి మాటలు చదివిన తరువాత ఈ నిర్ణయానికి వచ్చాను. సాధనకు, పందులకు 405 గ్రెయిన్ల బులెట్ మొదటి పట్టికలో. మనుబోతుకు 350 గ్రెయిన్లది రెండవ పట్టిక మధ్యలో. రెండింటికీ 3031 పౌడరే వాడుకుంటాను. రెండు రకాల తూటాలనూ వేర్వేరు రంగుల పెట్టెలలో ఉంచి, పెట్టె మీద తేదీ, బులెట్, పౌడర్ వివరాలు రాస్తాను. 125 గజాల నియమాన్ని కూడా పాటిస్తాను. చైతన్య లైసెన్సు తీసుకున్న తరువాతే ఇద్దరం వెళ్తాము.

చివరిగా ఒక ప్రశ్న. నా దగ్గరున్న ఖాళీ కేసులలో ఎక్కువభాగం కిరణ్ గారు చెప్పిన 325 గ్రెయిన్ల మెత్తటి కొన తూటాలవే. కొలిచి చూస్తే మిగతా కేసుల కంటే పొట్టిగా ఉన్నాయి. వాటిని పారేయాలా?

కెనాయ్ సుధారాణి

పారేయనవసరం లేదు. ఆ బులెట్ ముక్కు పొడవు కనుక పూర్తి తూటా లీవర్ రైఫిల్‌లో ఇమిడేందుకు హార్నడీ వారు ఆ కేసును 2.040 అంగుళాలకు కురచ చేశారు. మామూలు కేసుకు సరిచేసిన క్రింప్ డై దీని అంచును తాకదు, క్రింప్ పడలేదన్న సంగతి పైకి చూస్తే వెంటనే తెలియదు కూడా. కాబట్టి మొదట వాటిని వేరు చేయండి, ఒక్కటి కూడా మామూలు కేసుల గుంపులో కలవకూడదు. వాటికి డైను మళ్లీ సరిచేసుకుని, మీ బులెట్ గాడి ఆ పొట్టి అంచుకు అందుతుందో లేదో పౌడర్, ప్రైమర్ లేని తూటా ఒకటి చేసి చూడండి. అందాలంటే బులెట్‌ను అంత మేరకు లోపలికి దించవలసి వస్తుంది, అప్పుడు పౌడర్ చోటు తగ్గుతుంది. మామూలు కేసు పట్టిక దానికి పనికిరాదు. నేనైతే ఆ కేసులను అదే మెత్తటి కొన బులెట్‌కు, దానికి ప్రచురించిన పట్టికతో మాత్రమే వాడతాను. మీ 405, 350 బులెట్లకు 2.105 కొలత కేసులు ఒక సంచి కొత్తవి కొనుక్కోండి.